పచ్చడి డబ్బాతో దించిన యుద్ధవిమానం

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ విమానాన్ని కూల్చడానికి శత్రువులు ఎంత తంటాలు పడ్డారో నాకు తెలీదు గానీ, అరవై ఏళ్ళ తర్వాత దాన్ని నేలకి దించిన ఘనత మాత్రం అచ్చంగా నాదే. నా చేతిలో తుపాకీ లేదు, ఫిరంగి లేదు. ఉన్నదల్లా ఒక ఖాళీ ఆవకాయ డబ్బా. నవ్వండి, పర్లేదు. అది దిగినప్పుడు అక్కడ నవ్వినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఆ లోటు మీరైనా తీర్చాలి.

రెండువేల ఆరు నాటి మాట. మా సామర్లకోటలో అందరూ నేను దుబాయ్‌లో ఉన్నాననే అనుకునేవారు. నిజానికి నేనున్నది ఉమ్ అల్ కువైన్ వైపు, సముద్రాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో. ఒక రేకుల హ్యాంగరు, ఒక ఆఫీసు గది, ఎటు చూసినా ఇసుక. ఆ హ్యాంగర్లో మహారాజులా నిలబడి ఉండేది ఆ ఫైటర్ విమానం. డిప్లొమా పూర్తిచేసి ఏడాది కాని నేను దానికి మెకానిక్‌ని. మెకానిక్ అని నేను చెప్పుకునేవాణ్ణి. హ్యాంగరు తుడవడం, స్పానర్లు అందించడం, టీ పెట్టడం కూడా మెకానిక్ పనుల్లోవే అని మా ఇంట్లో నమ్మించాను.

విమానం యజమానిని అందరం అర్బాబ్ అని పిలిచేవాళ్ళం. డెబ్భై దాటిన పెద్దాయన. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో చేపల పడవలో ఉండగా ఇలాంటి విమానం ఒకటి తల మీద నుంచి దూసుకెళ్ళిందట. పడవలో పెద్దవాళ్ళంతా భయపడి బోర్లా పడుకుంటే ఈయన మాత్రం నిలబడి చెయ్యి ఊపాడట. చేతిలోకి డబ్బొచ్చిన తర్వాత ఎక్కడో పాత షెడ్డులో తుప్పు పడుతున్న విమానాన్ని కొని, ముక్కలుగా ఓడలో తెప్పించుకున్నాడు. సాయంత్రాలు వచ్చి కుర్చీ వేసుకుని ఊరికే దాన్ని చూస్తూ కూర్చునేవాడు.

ఆ ముక్కల్ని విమానంగా చేసిన మనిషి మా గురువుగారు డేవిడ్ రాజు గారు. కాకినాడ ఆయన. మన మిలిటరీలో విమానాల ఇంజన్ షాపులో చేసి, రిటైరై, ఇక్కడికొచ్చారు. ఇంజన్ నడుస్తుంటే కళ్ళు మూసుకుని వినేవారు. "మూడో సిలిండరుకి ఒంట్లో బాలేదురా" అనేవారు. విప్పి చూస్తే నిజంగానే దానికి ఒంట్లో బాగుండేది కాదు. వాళ్ళావిడ రూతమ్మ గారు కాకినాడలో ఆసుపత్రి నర్సు. ఏటా ఆమె పంపే ఆవకాయే మా ఇద్దరికీ ఆధారం. మోకాలెత్తు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చేది. ఇప్పుడే చెప్తున్నాను, ఆ డబ్బాని గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ గొడవ ఎక్కడ మొదలైందంటే, అర్బాబ్ కొడుకులకి ఈ విమానం సుతరామూ ఇష్టం లేదు. అమ్మేసి హ్యాంగరు మూసేద్దామని రోజూ పోరు. ఈయనలాగే పాత విమానాల పిచ్చి ఉన్న ఆసాములు మరో ముగ్గురున్నారు. వాళ్ళు ఒక పందెం అనుకున్నారు. ఇసుకలో ఎర్ర డ్రమ్ములు గుర్తులుగా పెట్టి, వాటి చుట్టూ నాలుగు విమానాల పరుగు. అర్బాబ్ కొడుకుల ముందు మాటిచ్చేశాడు: "గెలిస్తే ఇది నాతోనే ఉంటుంది. ఓడితే మీ ఇష్టం, అమ్మేసుకోండి, ఖలాస్."

ఆ సాయంత్రం గురువుగారు విమానం రెక్క కింద కూర్చుని నాకు చెప్పారు.

"ఒరే సూరిబాబూ, ఇది గెలిస్తే నేనూ దీంతోపాటు ఇక్కడే. ఓడితే కాకినాడ."

"కాకినాడ మంచిదేగా గురువుగారూ? రూతమ్మ గారుంటారు, పులస దొరుకుతుంది..."

"మంచిదేరా. కానీ అక్కడ దీని మోత వినపడదు కదా."

ఇక మొదలైంది విమానానికి వైద్యం. రెక్కల చివర్లు కత్తిరించారు. తుపాకుల కోసం ఉన్న కన్నాలన్నీ మూసేశారు. మరో రకం ఇంజన్లోంచి గట్టి కనెక్టింగ్ రాడ్లు తెప్పించి ఇందులో వేశారు. అసలు కథంతా సూపర్‌ఛార్జర్ దగ్గరుంది. అదొక పెద్ద పంఖా. అమ్మమ్మ మనవడి నోట్లో ముద్దలు కుక్కినట్టు ఇంజన్ నోట్లోకి గాలి కుక్కుతుంది. గురువుగారు దాని గేర్లు మార్చి, ఆ పంఖా ఇంకా వేగంగా తిరిగేలా చేశారు. గాలి ఎంత కుక్కితే బలం అంత. కానీ కుక్కిన గాలి వేడెక్కుతుంది. వేడెక్కితే పెట్రోలు తన టైముకి ముందే పేలుతుంది. అలా పేలితే పిస్టన్‌కి చిల్లు, రాడ్డుకి విరుపు, విమానానికి దండం.

దీనికి విరుగుడు నీళ్ళు. అవునండీ, నీళ్ళే. శుద్ధమైన డిస్టిల్డ్ వాటర్లో మిథనాల్ కలిపి, సన్నటి తుంపరగా ఇంజన్లోకి కొడతారు. లోపల చల్లబడుతుంది, పేలుడు టైముకే జరుగుతుంది. దీనికోసం పైలట్ వెనక వేరే ట్యాంకు, దాని అడుగున సన్నటి జాలీ, అక్కణ్ణుంచి గొట్టం. ఆ నీళ్ళ బాధ్యత నాది.

"ఇది ఇంజనుకి సెలైన్‌రా," అన్నారు గురువుగారు. "మా ఆవిడ పేషెంటుకి ఎంత శుభ్రంగా ఎక్కిస్తుందో అంత శుభ్రంగా ఉండాలి. గుడ్డ కట్టిన గరాటాలోంచి తప్ప పొయ్యకు. ఇది ఆగిందంటే ఇంజను క్షణాల్లో చస్తుంది. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండి."

అర్థమైంది. బుర్రలో నిలవడం వేరే సంగతి.

ఇప్పుడు నా టీ గురించి చెప్పాలి. విమానం కథలో టీ ఏంటంటారా? ఆగండి. మా హ్యాంగరు కుళాయి నీళ్ళు ఉప్పు కషాయం. తాగే నీళ్ళ సీసాల బండి ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. ఒకరోజు సీసా ఖాళీ. సరిగ్గా అప్పుడే అర్బాబ్ వచ్చి సులేమానీ అడిగాడు. సులేమానీ అంటే పాలు లేని టీ. గత్యంతరం లేక ఒక డిస్టిల్డ్ వాటర్ క్యాను విప్పి గిన్నెలో పోశాను. మామూలు నీళ్ళతో సులేమానీ పెడితే పైన బూజులా ఒక తెట్టు కడుతుంది. ఈ నీళ్ళతో పెట్టింది గ్లాసులో మాణిక్యంలా మెరిసింది. అర్బాబ్ ఒక గుక్క తాగి గ్లాసు ఎత్తి వెలుగులో పట్టి చూశాడు.

"వల్లా! యే కిస్‌నే బనాయా?"

ఎవరు పెట్టారిది అని. "మై, అర్బాబ్," అన్నాను గుండె పొంగించుకుని.

"రోజ్ ఐసా బనావ్!"

అయిపోయింది. జీవితంలో నన్ను మెచ్చుకున్న మొదటి ధనవంతుడు ఆయన. రోజూ అలాగే పెట్టమన్నాడు కదా అని రోజూ అలాగే పెట్టాను. పైలట్‌కి పెట్టాను. మిగతా ఆసాములు వస్తే వాళ్ళకీ పెట్టాను. ఎక్కడెక్కడి డ్రైవర్లో దారి తప్పి వచ్చి మరీ తాగి పోయేవారు. "ఏం చేస్తావురా ఇందులో?" అని గురువుగారు కూడా అడిగారు. "చెయ్యి మహిమండి" అన్నాను. విమానం సెలైను మొత్తం గ్లాసుల్లో పోసి ఊరందరికీ పంచిపెట్టేశాను.

పందెం శుక్రవారం నాడు, సాయంత్రపు అస్ర్ నమాజు అయ్యాక. ఆ పొద్దున ట్యాంకు నింపుదామని వెళ్ళి క్యాను ఎత్తాను. గాల్లోకి లేచిపోయింది. రెండోదీ అంతే. వరుసగా అన్నీ ఎత్తాను. ఒక్కటీ బరువు లేదు. నా ప్రాణం ఎగిరిపోయింది. శుక్రవారం పొద్దున బ్యాటరీ నీళ్ళమ్మే కొట్టు ఒక్కటీ తెరిచి ఉండదు. గురువుగారికి చెప్దామంటే, నీళ్ళేమయ్యాయిరా అని అడుగుతారు. టీలో పోశానని చెప్పడానికి నాకు నాలిక తిరగలేదు.

అప్పుడు వినపడింది. టప్... టప్... టప్. ఆఫీసు గది వెనకాల ఏసీ నీళ్ళు డబ్బాలో పడుతున్న చప్పుడు.

గల్ఫ్‌లో బతికిన ప్రతి బ్యాచిలర్‌కీ ఈ జ్ఞానం ఉంటుంది. ఏసీ కక్కే నీళ్ళు డిస్టిల్డ్ నీళ్ళే అని. మేమంతా వాటిని పట్టి కారు బ్యాటరీలో పోసేవాళ్ళం, ఇస్త్రీ పెట్టెలో పోసేవాళ్ళం. ఏ కారూ చావలేదు, ఏ చొక్కా కాలలేదు. మరి విమానానికి మాత్రం ఏమవుతుంది? పైగా ఆ వారమే ఖాళీ అయిన రూతమ్మ గారి ఆవకాయ డబ్బాని సర్ఫ్ వేసి ముమ్మారు తోమి, ఇసుక పడకుండా మూత సగం కప్పి ఏసీ కింద పెట్టింది నేనే. నిండుగా ఉంది. తొంగి చూస్తే నా మొహం కనపడింది. ఆ మొహంలో తెలివి ఉట్టిపడుతున్నట్టే అనిపించింది, ఏం చెయ్యను!

గుడ్డ కట్టిన గరాటా గురువుగారి బీరువాలో ఉంది. అడిగితే పక్కన నిలబడి చూస్తారు. చూస్తే క్యాను బదులు డబ్బా కనపడుతుంది. కాబట్టి గరాటా లేకుండానే, సగం మూతని అలాగే పట్టుకుని, డబ్బా వంచి నేరుగా ట్యాంకులో పోసేశాను. మిథనాల్ కలిపాను. చేతులు దులుపుకున్నాను.

గురువుగారు వచ్చారు.

"నీళ్ళు నింపావా?"

"ఆయ్, నింపేశానండి."

"శుభ్రమైనవేనా?"

"ఉప్పు రవ్వ కూడా లేదండి."

ఆయన ట్యాంకు మూత దగ్గర ఆగారు. ముక్కు ఎగబీల్చారు.

"ఏంట్రా, ఆవకాయ వాసనొస్తోంది?"

"పొద్దున దోసెల్లోకి వేసుకున్నానండి."

"డబ్బా ఖాళీ అయిందన్నావు?"

"అడుగున కొంచెం గీరానండి."

"చెయ్యి కడుక్కోరా బాబూ, విమానం ముట్టుకునే ముందు," అని నవ్వి వెళ్ళిపోయారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సాయంత్రం అందరూ వచ్చారు. అర్బాబ్ కందూరా అనే తెల్లటి పొడుగు అంగీ వేసుకుని, కర్ర పట్టుకుని, కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు. కొడుకులు కాస్త దూరంగా ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటున్నారు. మా పైలట్ కెవిన్, న్యూజిలాండ్ ఆయన, బొటనవేలు చూపించి కాక్‌పిట్ మూసుకున్నాడు. నాలుగు విమానాలూ లేచాయి.

మొదటి చుట్లలో మాది రెండోది. గురువుగారు కంగారు పడలేదు. "కెవిన్ ఇంకా గాలి పూర్తిగా దట్టించలేదురా. ఆఖరి చుట్టులో నీళ్ళ స్విచ్చి వేసి అప్పుడు తెరుస్తాడు. అప్పుడు విను. జన్మలో ఇంకోసారి వినపడదు ఆ మోత." అని కళ్ళు మూసుకున్నారు.

ఆఖరి చుట్టు. విమానం మా వైపు తిరిగింది. మోత మారింది. ఎలా చెప్పను? అంతవరకూ గర్జించినది పాడటం మొదలుపెట్టింది. కాళ్ళ కింద ఇసుక అదిరింది. ముందున్న విమానం దగ్గరికొచ్చేసింది, పక్కకొచ్చేసింది, వెనక్కి పోతోంది. అర్బాబ్ కర్ర వదిలేశాడు. ఆ ముసలాయన చెయ్యి పైకి లేచింది, ఊపుతున్నాడు. గురువుగారి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

ఠప్పుమంది.

ఒక్కటే చప్పుడు. తర్వాత నల్లటి పొగ. తర్వాత ఆ పాట మొత్తం సత్తు గిన్నెలు దొర్లినట్టు అయిపోయి, ఆగిపోయింది. కెవిన్ గట్టివాడు, ఉన్న వేగంతోనే పైకి లేపి, గుండ్రంగా తిప్పి, చచ్చిన ఇంజనుతో విమానాన్ని జాగ్రత్తగా దించేశాడు. మనిషికి గీత పడలేదు. అదొక్కటే ఆ రోజు దేవుడు నా మొహం చూసి చేసిన దయ. మిగతా మూడు విమానాలూ మా తల మీద నుంచి వెళ్ళిపోయాయి.

ఇంజను పక్క రేకు చీల్చుకుని ఒక రాడ్డు బయటికి తొంగి చూస్తోంది. కెవిన్ అన్నది ఒక్కటే: "నీళ్ళ ప్రెషర్ పడిపోయింది. ఎర్ర లైటు చూసి చెయ్యి వెనక్కి తీసేలోపే పోయింది."

గురువుగారు ట్యాంకు కింద గొట్టం విప్పారు. జాలీ బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. దాని మీద పసుప్పచ్చటి జిగురు. జిగురులో ఉబ్బి, గుండ్రంగా, బతికున్నట్టు మెరుస్తూ మెంతులు. నేను డబ్బా మాత్రమే తోమాను. మూత లోపలి అంచు గాడిలో రూతమ్మ గారు వేసిన మెంతులు ఇరుక్కుని ఉన్నాయి. ఏసీ నీళ్ళలో నానాయి, నేను వంచినప్పుడు దిగాయి, జాలీకి అంటుకుని బంకలా పరుచుకున్నాయి. మన ఇళ్ళల్లో తలకి రాసుకోవడానికి నానబెడతారే, అలా.

ఆయన ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపారు. వాసన చూశారు. నా వైపు చూశారు. తిట్టలేదు. "మా ఆవిడ మెంతులురా ఇవి" అన్నారు నెమ్మదిగా. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అర్బాబ్ వచ్చాడు. "క్యా హువా, రాజూ?"

నేను ముందుకు పడ్డాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. కానీ భయానికి, ఏడాదిగా నేర్చుకున్న హిందీ మొత్తం ఆవిరైపోయింది. నోట్లోంచి సామర్లకోట తెలుగు తప్ప మరేదీ రాలేదు.

"అర్బాబ్ గారండీ, తప్పు నాదండి! మీ టీ కోసం నీళ్ళన్నీ తగలేశానండి! ఏసీ నీళ్ళు పోశానండి! ఆవకాయ డబ్బాలోవండి! మెంతులండి!" అని వెక్కి వెక్కి ఏడుస్తూ ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

అర్బాబ్ గురువుగారి వైపు తిరిగాడు. "యే క్యా బోల్తా?"

గురువుగారు జాలీని గుప్పిట్లో మూసేశారు.

"ఇంజన్ గయా బోల్‌కే రోతా హై, అర్బాబ్. గల్తీ మేరా. ఫిల్టర్ మై నహీ దేఖా."

ఇంజను పోయిందని వీడు ఏడుస్తున్నాడు, తప్పు నాది, ఫిల్టరు నేను చూసుకోలేదు. ఇదీ నా ఒప్పుకోలుకి ఆయన చేసిన అనువాదం. నాకు ఉద్యోగం, వీసా, ఇంటికి పంపే జీతం, అన్నీ ఆ ఒక్క అబద్ధంలో మిగిలాయి. ఆయనకి మిగిలింది కాకినాడ టిక్కెట్టు.

అర్బాబ్ వంగి నా తల మీద చెయ్యి వేశాడు. "మాలేష్. రోనా నహీ. మెషీన్ హై." పర్లేదు, ఏడవకు, అది యంత్రమే కదా అని. తర్వాత కొడుకుల వైపు చూసి తల ఊపాడు. వాళ్ళు ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. ఆయన మెల్లగా కుర్చీలో కూర్చుని, "ఏక్ సులేమానీ పిలా" అన్నాడు.

ఏ నీళ్ళతో పెట్టను? సీసా నీళ్ళతో పెట్టి తెచ్చాను. పైన తెట్టు కట్టింది. ఆయన గ్లాసు వెలుగులో పట్టి చూశాడు, ఒక గుక్క తాగాడు, కింద పెట్టేశాడు.

"ఆజ్ అచ్ఛా నహీ హై."

ఇవాళ బాగాలేదని. అంత నష్టం జరిగిన రోజున ఆ మనిషి చేసిన ఫిర్యాదు అదొక్కటే.

విమానం అమ్ముడుపోయింది. మళ్ళీ ముక్కలై ఓడెక్కింది. హ్యాంగరు మూసేశారు. నేను ఆ దేశంలోనే రువైస్ రిఫైనరీలో పంపుల పనిలో చేరాను. ఇప్పుడు సూపర్‌వైజర్ని. ఏ గొట్టం బిగించాలన్నా ముందు జాలీ విప్పి కళ్ళారా చూస్తే గానీ సంతకం పెట్టను. నా వెనక నన్ను "జల్లెడ సూరిబాబు" అంటారని తెలుసు. అననివ్వండి.

గురువుగారు మాత్రం నన్ను వదల్లేదు. ఏటా వేసవి దాటాక కాకినాడ నుంచి ఎవరో ఒకరి చేత ఆవకాయ పంపేవారు. అదే డబ్బా, అదే రుచి, ఒక్కటే తేడా. అందులో మెంతులుండేవి కావు. మొదటిసారి ఫోన్ చేస్తే, "నీ చేతికి మెంతులిస్తే ఏ కొంప కూలుస్తావోనని భయంరా!" అని పెద్దగా నవ్వారు. మెంతులు లేని ఆవకాయ తిన్నారా ఎప్పుడైనా? ఏదో లోటు. ఎక్కడో తెలిసిన మనిషి ఇంట్లో లేనట్టుంటుంది. అన్నేళ్ళూ ఆ లోటుతోనే తిన్నాను. నాకు తగినదే అనుకున్నాను.

కిందటేడు డబ్బా వచ్చింది. అన్నంలో కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటే పంటి కింద టక్కుమంది. చేదుగా, కమ్మగా, ఒక మెంతిగింజ. వెంటనే ఫోన్ చేశాను. రూతమ్మ గారు తీశారు. ఆయనకి ఇప్పుడు చెవులు బొత్తిగా పనిచెయ్యవు. జీవితమంతా విన్న ఇంజన్లు తీసుకుపోయాయి.

"అమ్మా, ఈసారి మెంతులు పడ్డాయండి."

"తెలుసు బాబూ. ఆయనే వెయ్యమన్నారు. ఉండు, ఏదో చెప్తారట."

అవతల ఫోన్ చేతులు మారింది. గురువుగారు తనకి వినపడదు కాబట్టి నాకూ వినపడదనుకుని అరిచారు.

"ఒరే సూరిబాబూ! ఇంకే ఇంజనుందిరా పాడవడానికి? తిను!"

కారం పొలమారిందని మా ఆవిడ లక్ష్మి నెత్తి మీద తట్టి, మంచినీళ్ళిచ్చింది. నేనూ కారమే అన్నాను.

డబ్బా ఖాళీ అయిన రోజు లక్ష్మి దాన్ని తోమి, ఎండబెట్టి, నా దగ్గరికి తెచ్చింది. "ఏమండీ, ఏసీ నీళ్ళు ఊరికే కారిపోతున్నాయి. దీన్ని దాని కింద పెట్టనా? మీ కారు బ్యాటరీకి పనికొస్తాయి" అంది. నేను వేసిన కేకకి పక్క ఫ్లాటు పంజాబీ ఆయన తలుపు కొట్టాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ ఖాళీ డబ్బా మీద కుడిచెయ్యి వేసి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆవకాయ డబ్బాలో ఆవకాయ తప్ప మరేదీ పట్టను. విమానం తాగే నీళ్ళతో టీ పెట్టను, ఎంత గొప్పవాడు మెచ్చుకున్నా సరే. డబ్బా తోమితే మూత కూడా తోముతాను. పంటి కింద మెంతిగింజ తగిలిన ప్రతిసారీ కాసేపు నమలకుండా ఆగి, ఆ ఆఖరి చుట్టు మోతని గురువుగారి బదులు నేను వింటాను.